తమ్ముడికి రెండు అవయవాల మార్పిడి... పొలం అమ్మేయాలా?

ప్రశ్న: మాది సిద్దిపేట దగ్గర పల్లె. తమ్ముడికి 34 ఏళ్లు. చిన్నప్పటి నుంచి టైప్-1 షుగర్. ఏడాదిగా డయాలసిస్ చేయిస్తున్నాం. కిడ్నీ, ప్యాంక్రియాస్ ఒకేసారి మార్చాలని చెప్పి జీవన్‌దాన్‌లో (బ్రెయిన్‌డెడ్ దాతల అవయవాలను కేటాయించే రాష్ట్ర ప్రభుత్వ పథకం) పేరు నమోదు చేయించారు. 26 లక్షలవుతుందట. వాడి కంపెనీ ఇన్సూరెన్స్ 5 లక్షలు, మా ఇద్దరి ఎఫ్‌డీలు 12 లక్షలు ఉన్నాయి. 64 ఏళ్ల నాన్న ఉన్న రెండెకరాలూ అమ్మేద్దామంటున్నారు. ఎకరం 25 లక్షలు పలుకుతోంది.

జవాబు: ఒక ఎకరం అమ్మండి, రెండోది ఇప్పుడే ముట్టుకోకండి. అమ్మే ఎకరం కూడా ఆపరేషన్‌కు కాదు, ఆ తర్వాతి మందులకు.

కొత్త అవయవాలను ఒంట్లోని రోగనిరోధక శక్తి తోసిపుచ్చకుండా టాక్రోలిమస్, మైకోఫెనోలేట్ లాంటి మందులు జీవితాంతం వాడాలి. డబ్బు లేక ఆపితే కిడ్నీ పోతుంది, మళ్లీ డయాలసిసే. ఇన్సూరెన్స్ మాత్రం డిశ్చార్జి తర్వాత సాధారణంగా రెండు మూడు నెలల వరకే మందుల బిల్లులిస్తుంది. అందుకే ఆ 25 లక్షలు నాన్నగారి పేరిట సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో వేయండి. 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 51,250 రూపాయలు చేతికొస్తాయి. మందులు, రక్తపరీక్షలకు నెలకు 17 వేలన్నమాట. ప్యాంక్రియాస్ బాగా పనిచేస్తే ఇన్సులిన్, షుగర్ టెస్ట్ స్ట్రిప్పుల ఖర్చు మిగులుతుంది కానీ, దాన్ని ఇప్పుడే లెక్కలో వేసుకోవద్దు.

ఇక ఆపరేషన్ ఖర్చు. 26కు బదులు 32 లక్షలనుకోండి. ప్యాంక్రియాస్ రక్తనాళాల్లో గడ్డ కట్టి మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లాల్సి రావచ్చు, అది ఎస్టిమేట్‌లో ఉండదు. మీ దగ్గర 17 ఉన్నాయి. తమ్ముడి కంపెనీలో సొంత ప్రీమియంతో తీసుకునే టాప్-అప్ (ఉన్న పాలసీ పైన అదనపు బీమా) ఉందేమో రేపే హెచ్‌ఆర్‌ను అడగమనండి. పాత జబ్బులకు వెయిటింగ్ లేని గ్రూప్ టాప్-అప్ 10 లక్షలకు దొరికితే సగం టెన్షన్ తీరినట్లే. అవయవ మార్పిడికి విడిగా పరిమితి ఉందా, గది అద్దెకు లిమిట్ ఉందా అన్నది కాగితం మీద చూడాలి. గది లిమిట్ దాటితే డాక్టర్ ఫీజులు, ఆపరేషన్ చార్జీల్లాంటి వాటిలోనూ అదే నిష్పత్తిలో కోత పడొచ్చు. మిగతా 5 లక్షలు పీఎఫ్ అడ్వాన్స్, గోల్డ్ లోన్‌తో సర్దుకోవచ్చు. టాప్-అప్ కుదరకపోతేనే రెండో ఎకరం మాట. అప్పటిదాకా తమ్ముడు ఉద్యోగం మాత్రం మానకూడదు, ఉద్యోగం పోతే గ్రూప్ పాలసీ కూడా పోతుంది. రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీలో ఎంత వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

పాత పన్ను విధానంలో ఉంటే తీవ్ర జబ్బుల చికిత్స ఖర్చుకు ఆదాయపు పన్ను సెక్షన్ 80డీడీబీ కింద 40 వేల వరకు మినహాయింపు ఉంది. ఇన్సూరెన్స్ నుంచి వచ్చింది అందులో తగ్గిస్తారు. డాక్టర్ సర్టిఫికెట్ ముందే తీసుకోండి.

లిస్టులో పేరు ముందుకు జరుపుతామని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి. అవయవానికి ధర కట్టడం 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నేరం.

రెండు అవయవాలూ ఒకే బ్రెయిన్‌డెడ్ దాత నుంచి వస్తాయి. ప్యాంక్రియాస్ ఎక్కువసేపు నిల్వ ఉండదు కాబట్టి అర్ధరాత్రి ఫోన్ వచ్చినా గంటల్లో ఆసుపత్రిలో ఉండాలి. ఆ రాత్రి అడ్వాన్సుగా ఎంత కట్టాలో ఇప్పుడే కనుక్కుని, అంత మొత్తం ఎఫ్‌డీలోంచి తీసి సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. మీ ఇద్దరి ఫోన్లలో నెట్ బ్యాంకింగ్ రోజువారీ పరిమితి ఎంతుందో కూడా చూసి పెంచుకోండి.