పాపని మూడు నెలలు హోమ్‌లో వదిలేయమంటే...

పర్లాకిమిడి అన్నగారూ, పదిహేనేళ్ల పాప తనకి జరిగిన ఓ భయంకర ఘటన తర్వాత రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తోందని, బడి మానేసిందని, మానసిక చికిత్సకి చేర్చుకునే ఓ ప్రైవేటు హోమ్ వాళ్లేమో మూడు నెలలు వదిలేయండి, చూడటానికి కూడా రావద్దు అంటున్నారని రాశారు. ఆ ఒక్క షరతు చాలు, నేనైతే వద్దంటాను.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మైనర్‌ని చేర్చుకుంటే ఉన్నన్నాళ్లూ ఇంటి మనిషో, మీరు పెట్టిన మనిషో పక్కన ఉండాలి, ఆడపిల్లకి తోడు ఆడమనిషే అయ్యుండాలి. పెద్దవాళ్లతో కలిపి ఉంచకూడదు. గదిలో ఒంటరిగా పెట్టి తాళం వేయడం నిషేధం.

అసలు చేర్చాలా అన్నది ముందు తేల్చుకోండి. ఇలాంటి భయాలకి చేసే థెరపీ చాలావరకు ఇంటి నుంచి వారం వారం వెళ్లొస్తూ చేయించుకునేదే. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో సైకియాట్రీ విభాగం ఉంది, అక్కడ చూపించండి. చచ్చిపోతానంటున్నా, తిండి పూర్తిగా మానేసినా మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. (దిష్టి తీయించమని చుట్టాలు ఎలాగూ అంటారు, తీయించుకోండి, మందులు మాత్రం ఆపొద్దు.)

ఏ హోమ్‌కి వెళ్లినా గోడమీది సర్టిఫికెట్లు చూసి మురిసిపోకుండా రాత్రి డ్యూటీలో ఆడవాళ్లున్నారా, తలుపు తట్టి లోపలికొస్తారా, బీపీ చూడటానికి చెయ్యి పట్టుకునే ముందు కూడా పాపని అడుగుతారా అని గమనించండి. మొదటిరోజే జరిగిందంతా చెప్పమని నిలదీస్తే లేచి వచ్చేయండి.

ఈలోపు టెన్షన్‌గా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడతారు.