సంతకానికి ముందు సంపాదించవలసిన కాగితం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏ ఆటగాళ్ల సంఘం పెట్టే ఏజెంట్ల పరీక్షలో నువ్వు నెగ్గావనీ, యూరప్‌లో ఒక క్లబ్బుకు ఆడుతున్న కుర్రవాడిని అమెరికాకు తెచ్చే పని అప్పుడే నీ చేతికి వచ్చిందనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషించాను. ముప్ఫై ఏళ్లపాటు ఆటగాళ్ల ఒప్పందాలు రాసి, దిద్ది, వాటి మీద తగాదాలు వస్తే తీర్చినవాణ్ని కనుక, నాకు తెలిసినది నీకు ముందే చెప్పడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

జీతం ఎంత అడగాలని నువ్వు నన్ను అడిగావు. నీ కుర్రవాడు డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే ఏర్పాటులో, మొదటి రౌండులో ఎంపికైతే, ఎన్నో స్థానంలో ఎంపికయ్యాడన్నదాన్ని బట్టి అతని జీతం పట్టికలో ముందే రాసి ఉంటుంది. ఆ అంకెలో 80 శాతానికి తగ్గకుండా, 120 శాతానికి మించకుండా ఇవ్వాలి, చాలా జట్లు 120 శాతమే ఇస్తాయి. కాబట్టి అక్కడ బేరం ఆడవలసింది పెద్దగా ఏమీ లేదు. అసలు బేరం అతన్ని వదులుకోవలసిన వాళ్లతో, అంటే అతని క్లబ్బుతో, అతని దేశపు సమాఖ్యతో, ఇంట్లోవాళ్లతో జరుగుతుంది. కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చినవాళ్లు దృష్టంతా అమెరికా జట్టు మీదే పెట్టి, ఈ రెండో వైపును ఆఖరి వారానికి వదిలేస్తారు. నువ్వు అలా చేయవద్దు.

చైనా ఆటగాడు యావో మింగ్ వ్యవహారాన్ని శ్రద్ధగా చదువు. ఏడడుగుల ఆరంగుళాల ఆ మనిషి షాంఘై షార్క్స్ క్లబ్బుకు ఆడుతుండగా, 1999లో క్లబ్బు తరఫువాళ్ల ఒత్తిడితో ఒక అమెరికన్ ఏజెన్సీ ఒప్పందం మీద సంతకం పెట్టాడు. ఆ కాగితం ప్రకారం అతని సంపాదనలో 33 శాతం ఏజెన్సీకి పోవాలి. ఆటగాళ్ల సంఘం నిబంధనల ప్రకారం ఆట ఒప్పందం మీద ఏజెంటు తీసుకోదగినది 4 శాతానికి మించకూడదన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికి తెలుస్తుంది? ఆ ఒప్పందం చెల్లదని తరువాత తేలింది. 2002 నాటికి అతని చుట్టూ వేరే బృందం ఏర్పడింది. షికాగో విశ్వవిద్యాలయంలో చదువుతున్న బంధువు ఎరిక్ జాంగ్, అక్కడి ఆర్థికశాస్త్ర ఆచార్యుడు జాన్ హైజింగా, ఏజెంటు బిల్ డఫీ, చైనాలో పనులు చూసే లూ హావ్ అందులో ఉన్నారు. ఇంటి మనిషి ఒకడు, రెండు భాషలూ రెండు మర్యాదలూ తెలిసినవాడు, ఆ బృందంలో ఉండడమే దాని బలమని నా అభిప్రాయం.

ఆ ఏడాది వాళ్లకు ఎదురైన అడ్డంకి డబ్బు ఒక్కటే కాదు. చైనా నుంచి ఎన్‌బీఏలో మొదట అడుగుపెట్టిన వాంగ్ జిజి, జాతీయ జట్టు శిబిరానికి రమ్మంటే తిరిగి వెళ్లలేదు. యావో కూడా అలాగే చేయిదాటిపోతాడేమోనని చైనా సమాఖ్య భయపడింది. జాతీయ జట్టు పిలిచినప్పుడల్లా యావో రావాలని, హ్యూస్టన్ రాకెట్స్ జట్టు అతన్ని మొదటి స్థానంలోనే ఎంపిక చేసుకుంటే తప్ప పంపబోమని షరతులు పెట్టింది. చివరకు డ్రాఫ్ట్ జరిగే రోజు, జూన్ 26 ఉదయం, అనుమతి వచ్చింది. మొదటి స్థానం అన్న షరతును జాగ్రత్తగా గమనించు. అది డబ్బు ఒక్కదాని కోసం పెట్టిన షరతు కాదని నాకు అనిపిస్తుంది. తమ మనిషిని తక్కువ చేసి పంపలేదని దేశంలో చెప్పుకోవడానికి అది పనికివస్తుంది. ఎదుటివాడికి కావలసిన గౌరవం ఏమిటో ముందుగా కనిపెడితే, డబ్బుతో తెగని ముడులు కొన్ని విడిపోతాయి.

ఇక బయౌట్ సంగతి, అంటే గడువుకు ముందే ఆటగాణ్ని వదలడానికి పాత క్లబ్బుకు కట్టవలసిన సొమ్ము సంగతి. స్పెయిన్ కుర్రవాడు రికీ రూబియోను 2009లో మిన్నెసోటా జట్టు ఐదో స్థానంలో ఎంపిక చేసుకుంది. అతని క్లబ్బు హువెంతుత్ ఒప్పందంలో ఉన్న విడుదల సొమ్ము లక్షల యూరోలలో ఉంది, కొత్త ఆటగాడి జీతంలోంచి అది కట్టడం సాధ్యం కాలేదు. బార్సిలోనా క్లబ్బు ఆ సొమ్ము విషయం తేల్చుకుని అతన్ని తీసుకుంది. మిన్నెసోటాకు అతను 2011లో కానీ చేరలేదు. అమెరికా జట్టు తన జీతాల పరిమితికి లెక్కరాకుండా విదేశీ క్లబ్బుకు ఇవ్వగలిగిన మొత్తం ఏటా నిర్ణయమవుతుంది. మిగతాది కుర్రవాడి జేబులోంచి పోతుంది. అందుచేత క్లబ్బుతో కూర్చున్నప్పుడు మొత్తాన్ని తగ్గించమని మాత్రమే పట్టుబట్టకు. వాయిదాలు అడుగు, అమెరికాలో అతనికి రెండో ఒప్పందం కుదిరాక చెల్లించే భాగం ఎంతో అడుగు, అతను గాయపడి ఆడలేకపోతే మిగిలిన వాయిదాలు ఏమవుతాయో తప్పకుండా రాయించు. తొందర లేకపోతే ఆగడం కూడా ఒక మార్గమే. నికోలా మిరోటిచ్ 2011లో ఎంపికై, రియల్ మాడ్రిడ్‌లోనే ఉండి, మూడేళ్ల తరువాత జీతాల పట్టిక కట్టుబాటు తొలగిపోయాక షికాగో జట్టులో చేరాడు.

క్లబ్బు ఇచ్చే నిరభ్యంతర పత్రం విషయంలో నా పొరపాటు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఒక ఆటగాడికి అలాంటి పత్రం తెప్పించాను. ఒక్క పేజీ, గుండ్రటి నీలం ముద్ర, అధ్యక్షుడి సంతకం, కింద తేదీ. అన్నీ సక్రమంగా ఉన్నాయనుకున్నాను. అందులో 'సీజను ముగిసిన వెంటనే' అని మాత్రమే ఉంది. లీగు ఆటలు ముగియడమే సీజను ముగియడమని నేను అనుకున్నాను, జాతీయ కప్పు ఫైనలు కూడా అయిపోవాలని క్లబ్బు వాదించింది. ఆ వాదన తేలేవరకు ఆ అబ్బాయి నాలుగు వారాలు హోటలు గదిలో, సాధన లేకుండా, తల్లికి ఏం చెప్పాలో తెలియక గడిపాడు. అప్పటినుంచి నేను ఏ పత్రంలోనూ తేదీని అంకెల్లో కాక మాటల్లో వర్ణించనివ్వలేదు. తగాదా వస్తే ఎక్కడ తీర్చుకోవాలో కూడా రాయించు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా ఏర్పాటు చేసిన బాస్కెట్‌బాల్ మధ్యవర్తిత్వ సభకు చట్టపరమైన స్థానం జెనీవా. దాని పేరు ఒప్పందంలో ఉంటే ఆ దేశపు కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరగవలసిన అవసరం తప్పుతుంది.

అన్నిటికన్నా నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం వేసవులది. బేరం కుదరని ఘడియలో ఏజెంటు ఉచితంగా ఇచ్చేయగలిగినట్లు కనిపించేది ఆటగాడి సెలవు కాలం. యావో 2002 శరదృతువులో బూసాన్ ఆసియా క్రీడలు ముగించుకుని, హ్యూస్టన్ సన్నాహక శిబిరం దాదాపు గడిచిపోయాక చేరుకున్నాడు. తొలి ఆటలో ఒక్క పాయింటూ సాధించలేకపోయాడు. 2008 ఫిబ్రవరిలో అతని ఎడమ పాదం ఎముకకు పగులు వచ్చి, మార్చిలో శస్త్రచికిత్స జరిగింది, ఆగస్టుకల్లా బీజింగ్ ఒలింపిక్స్‌లో దేశం కోసం ఆడాడు. మరుసటి ఏడాది ఆ పాదమే మళ్లీ విరిగింది, 2011 జులైలో ముప్ఫై ఏళ్లకే ఆట మానుకున్నాడు. అంతటి శరీరానికి గాయాలు సహజమని కొందరంటారు, కావచ్చు. అయినా దేశం తరఫున ఆడడం ఎంత గొప్పదైనా, ఆ పాదానికి విశ్రాంతి కావాలని గట్టిగా చెప్పవలసిన మనిషి ఏజెంటే అని నేను నమ్ముతాను. నీ కుర్రవాడు జాతీయ జట్టుకు వెళ్లాలి, వెళ్లనివ్వు. కాని వేసవికి ఎన్ని రోజులో, బీమా ఎవరు కడతారో, ఆడవచ్చని చెప్పే వైద్యుడు ఎవరి మనిషో రాయించకుండా తలూపవద్దు.

క్లబ్బువాళ్లతో ఎంత గట్టిగా మాట్లాడినా మనసు విరిచేలా మాట్లాడవద్దు. ఆర్థిక ఇబ్బందుల్లో పడిన షాంఘై షార్క్స్‌ను 2009లో కొనుక్కున్నది ఆ యావోయే. కుర్రవాడి తల్లిదండ్రులతో నువ్వే స్వయంగా వెళ్లి కూర్చో, ప్రతి షరతునూ వాళ్ల భాషలో చదివి వినిపించే మనిషిని వెంట తీసుకువెళ్లు, ఆ మనిషి క్లబ్బు పంపినవాడు కాకుండా చూసుకో.

ప్రస్తుతానికి ఒక పని చెయ్యి. ఆ కుర్రవాడు క్లబ్బుతో చేసుకున్న పాత ఒప్పందం మూలప్రతిని, అనుబంధాలతో సహా, అనువాదం కోసం ఆగకుండా నాకు పంపు. విడుదల గురించిన పేరాలు ఆ భాష తెలిసినవాళ్లచేత చదివించుకుని, ఏ మాట మీద పేచీ రావచ్చో గుర్తుపెట్టి పంపుతాను. అది వచ్చేవరకు ఏ అమెరికా జట్టుకూ తేదీ చెప్పవద్దు.

మీ మామయ్య