సున్నుండల డబ్బా కార్టూనూ, ఆడపడుచు ఫార్వర్డూ

చదువులూ ఉద్యోగాల సలహా అడుగుతూ ఈ వారం నాకు వచ్చినవాటిలో ముప్పాతిక మామూలే, 'మావాడికి ఇంత ర్యాంకొచ్చింది సార్, కంప్యూటర్స్ వస్తుందా రాదా' అన్నవే, వాటికి ఫోన్లోనే జవాబు చెప్పేశా. ఒక్క ఉత్తరం మాత్రం పక్కన పెట్టుకుని రెండుసార్లు చదివా, రెండోసారి మా ఆవిడకి కూడా వినిపించా (పేరు చెప్పలేదు లెండి).

రాసినావిడది గుంటూరు బ్రాడీపేట. 31 ఏళ్ళు, బీకాం, ఇప్పుడు దూరవిద్యలో ఎంఏ తెలుగు రెండో ఏడాది, ఆరేళ్ళ పాప. ప్రైవేటు బళ్ళో మూడో క్లాసు టీచరు, జీతం 13,000. వాళ్ళాయన మిర్చి కమీషన్ కొట్లో లెక్కలు చూస్తారు, అత్తగారు వీళ్ళతోనే ఉంటారు. ఈవిడ రాత్రి పదకొండు దాటాక వంటింటి గట్టు మీద ఫోను పెట్టుకుని కార్టూన్లు వేసి పేరు లేకుండా ఇన్‌స్టాలో పెడుతుంటారు, 21 వేల మంది ఫాలో అవుతున్నారట. ఇంట్లో సంగతేంటంటే, భర్తకి 'ఏవో బొమ్మలేసుకుంటుంది' అన్నంతవరకే తెలుసు, అత్తగారికి 'రాత్రిళ్ళు ఫోను చూస్తుంది' అని మాత్రం బాగా తెలుసు.

మొన్నొక కార్టూన్ పెట్టారు. అత్తగారు సున్నుండల డబ్బా దాచే చోట్లు. బియ్యం డ్రమ్ములో ఒకటి, దేవుడి అలమర వెనకాల ఒకటి, ఆఖరికి వాషింగ్ మెషీన్లో. అది తిరిగి తిరిగి విజయవాడలో ఉన్న ఆడపడుచు ఫోన్లో పడి, అక్కణ్ణుంచి వీళ్ళ ఫ్యామిలీ గ్రూపులోకే వచ్చింది, 'అమ్మా చూడవే, ఎవరో మనింటికొచ్చి చూసి వేసినట్టు లేదూ' అని. అత్తగారు పడీ పడీ నవ్వారట. ఈవిడకి మాత్రం ఆ పూట ముద్ద దిగలేదు.

అడిగినవి మూడు. ఉద్యోగం మానేసి 1,40,000 పెట్టి ఆన్‌లైన్‌లో యానిమేషన్ డిప్లొమా చెయ్యనా? ఇంట్లో ఎలా చెప్పాలి? రెండో బిడ్డ ఎప్పుడని రోజూ అడుగుతున్నారు, అదేదో అయ్యాకే ఇవన్నీ చూసుకోనా?

అమ్మా, ముందు కోర్సు సంగతి, అది తేలిక కాబట్టి. వద్దు. మీరు చేసే పని వేరు, యానిమేషన్ వేరు. యానిమేషన్ అంటే స్టూడియోలో పదిమందితో కూర్చుని చేసే పని, సెకనుకి 24 ఫ్రేములు లెక్క, డెడ్‌లైన్ దగ్గరపడితే రాత్రీ పగలూ తేడా ఉండదు, పైగా మన తెలుగువైపు ఆ స్టూడియోల్లో ఎక్కువ హైదరాబాదులోనే. మీది ఒక్క బొమ్మలో ఇల్లంతా చూపించే పని, అది మీకు వచ్చేసింది, రాకపోతే మీ ఆడపడుచు ఫార్వర్డ్ చేసేది కాదు. 'నూరు శాతం ప్లేస్‌మెంట్' అని ప్రకటనలో ఉందన్నారు, నేను ఇరవై ఏళ్ళుగా గవర్నర్‌పేటలో కూర్చుని ఆ మాట చదువుతూనే ఉన్నా, నూరు శాతం ఖాయంగా ప్లేస్ అయ్యేది మనం కట్టిన ఫీజొక్కటే. వెయ్యాల్సింది క్రిటా అనే బొమ్మలేసే సాఫ్ట్‌వేర్‌లో వేసుకోండి, అది ఉచితం, కార్టూన్ స్ట్రిప్పులకి కూడా బావుంటుంది. బొటనవేలితో ఫోను మీద వెయ్యడం మానేసి మామూలు రకం పెన్ టాబ్లెట్ ఒకటి కొనుక్కోండి, అయిదు వేల చిల్లరలో వస్తుంది. ఇంట్లో కంప్యూటర్ లేదంటే పాత లాప్‌టాప్ ఒకటి చూసుకోండి. మొత్తం కలిపినా కోర్సు ఫీజులో సగం అవ్వదు.

ఇక ఉద్యోగం. ఇక్కడ మీరు రాసిన లెక్కలే తీశా. పెళ్ళి శుభలేఖ మీదకి వధూవరుల కారికేచర్ వేసిచ్చి 1,500 తీసుకున్నానన్నారు, నాలుగు రాత్రులు పట్టిందన్నారు, రాత్రికి మూడు గంటలు వేసుకుంటే గంటకి 125. బళ్ళో నెలకి పాతిక రోజులు, రోజుకి ఏడు గంటలు, 13,000 జీతం, భాగిస్తే గంటకి 74. దిద్దడానికి ఇంటికి తెచ్చుకునే నోటుబుక్కులు ఇందులో కలపలేదు. చూశారా, బొమ్మే ఎక్కువిస్తోంది. కానీ పోయినేడాది అలాంటి ఆర్డర్లు ఎన్నొచ్చాయన్నారు, నాలుగు. అంటే ఏడాదికి ఆరు వేలు. బడి గంటకి 74 ఇచ్చినా ప్రతినెలా ఇస్తోంది. కాబట్టి ఇప్పుడే మానొద్దు. ఆర్డర్లు వరసగా ఆర్నెల్లు నెలకి ఏడెనిమిది వేలు తెచ్చాక అప్పుడు ఆలోచిద్దాం, దానికి నా అంచనాలో రెండేళ్ళు పట్టొచ్చు, మూడూ పట్టొచ్చు. ఇంకో కారణం కూడా ఉంది, మీ మూడో ప్రశ్న దగ్గర చెప్తా.

ఇప్పుడు ఇంట్లో చెప్పడం. అసలు ఉత్తరం అంతా దీని గురించే, మీరు రెండో ప్రశ్న అని నంబరేశారు గానీ.

నా సంగతొకటి చెప్తా. పాతికేళ్ళ క్రితం నేను విజయవాడ రేడియో స్టేషన్‌కి నాటికలు రాసేవాణ్ణి. ఒకదాంట్లో పిసినారి పాత్ర పెట్టా, పాత పేపర్లు కొనేవాడు రాకముందే ఇంట్లో త్రాసుతో తనే తూచుకుని చిన్న పుస్తకంలో రాసి పెట్టుకుంటాడు, వాడి కాటాలో పావుకిలో తేడా వస్తే వీధంతా వినపడేలా పంచాయితీ. అక్షరాలా మా మావగారు. ఆయన తెనాలిలో మధ్యాహ్నం భోంచేసి మడత కుర్చీలో రేడియో పెట్టుకుంటారని నాకు తెలుసు, అయినా ఆ రోజే వింటారా ఏంటి అనుకున్నా. విన్నారు. ఎనిమిది నెలలు నాతో మాట్లాడలేదు. సంక్రాంతికి అల్లుడి బట్టలు మాత్రం పద్ధతిగా మా ఆవిడ చేత పంపించారు, పొట్లంలో షాపు బిల్లు కూడా పెట్టారు, మాట మాత్రం లేదు. మా ఆవిడ అయితే 'నాన్న పిసినారని రాశారని కాదు నా బాధ, నాక్కూడా రేడియోలోనే తెలియాలా' అంది. దానికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. తర్వాత రాజీపడ్డాక మావగారు అన్నదేంటో తెలుసా, 'ఆ తూకం సీను తప్పు రాశావోయ్, తాడు బరువు కింద నేను వంద గ్రాములు వదిలేసేవాణ్ణి, అది పెట్టాల్సింది' అని. ముందే అడిగుంటే ఆయనే ఇంకో రెండు సీన్లు చెప్పేవాడు.

కాబట్టి మీరు ఈ ఆదివారమే చెప్పాలి. మీ ఆడపడుచు తెలివైన మనిషిలా ఉంది, 'మనింటికొచ్చి చూసి వేసినట్టు' అన్నదాకా వచ్చింది, ఇంకొక్క కార్టూన్ చాలు ఆవిడకి. ఆవిడ కనిపెట్టాక మీరు చెప్తే అది ఒప్పుకోవడం అవుతుంది, ముందే చెప్తే చెప్పడం అవుతుంది. శనివారం రాత్రే మీవారి చెవిన వెయ్యండి, మా ఇంట్లో నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. తెల్లారి అత్తగారి పక్కన కూర్చుని 'అత్తయ్యా, ఆ సున్నుండల బొమ్మ వేసింది నేనే' అని ఫోను ఆవిడ చేతికిచ్చి ఊరుకోండి. సంజాయిషీ వద్దు, ఫాలోవర్ల సంఖ్య అసలే వద్దు. కోపం రావచ్చు, రెండు రోజులు పప్పులో ఉప్పు లేదు, చారులో పులుపు లేదు అనొచ్చు. ఆవిడ ఆ బొమ్మకి ముందే నవ్వేసిందన్న సంగతి మర్చిపోకండి, అంతకన్నా మంచి ముహూర్తం మీకు దొరకదు. ఇకనుంచి ఆవిడ మీద వేసే ఏ బొమ్మయినా ముందు ఆవిడకే చూపించండి, వద్దంటే పెట్టొద్దు, వాదించొద్దు. డబ్బు గొడవలూ, జబ్బులూ, మీ ఆలుమగల మధ్య మాటలూ ఎంత నవ్వొచ్చినా బయటికి రానివ్వకండి. పాప మొహం కూడా, దాన్ని అడిగి ఒప్పించే వయసు కాదు కదా. ఇలాగైతే హాస్యం తగ్గిపోతుందేమో అంటారు, కొంత తగ్గుతుంది, అబద్ధం ఎందుకు. కానీ దాచుకుని వేసినన్నాళ్ళూ మీ బొమ్మల్లో మీరు ఒక్కసారీ కనపడలేదు, గమనించారా? మీరు పంపిన పదకొండూ చూశా. అత్తగారున్నారు, ఆయనున్నారు, పనమ్మాయి కూడా ఉంది. మూడు రోజులుగా తీద్దామనుకుంటూ తియ్యని ఉతికిన బట్టల కుప్పలో మీరెక్కడ? మీ మీద మీరు వేసుకోండి, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

పేరు కూడా పెట్టండి, ఇంటిపేరు ఇష్టం లేకపోతే కలం పేరన్నా. విశాఖలో రాగతి పండరి గారు పోలియోతో ఉండి కూడా ఇంట్లో కూర్చునే వేల కార్టూన్లు వేసి పత్రికలకి పంపించారు, 2015లో పోయారు, ఇప్పటికీ ఆ సంతకం చూసి గుర్తుపట్టేవాళ్ళున్నారు. మీ బొమ్మ మీ సొంత ఇంటి గ్రూపులోకి 'ఎవరో' వేసినదిగా వచ్చింది, అది చదివినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, కొంచెం కష్టంగానూ అనిపించింది. వేసిన క్షణం నుంచే కాపీరైట్ మీదే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, మీ తదనంతరం ఇంకో 60 ఏళ్ళు మీ వారసులది. సంతకం లేకపోతే అదంతా ఎవరికి చెప్పుకుంటాం.

ఇప్పుడు మీవారు. లెక్కల మనిషి కాబట్టి 'నాకు టైమ్ దొరకట్లేదు' అంటే ఆయనకి ఎక్కదు, అంకె చూపించాలి. కేంద్రం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వేలో ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు దానికి పెట్టేది రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88. అది దేశం లెక్క. మీ ఇంటి లెక్క ఒక వారం మీరే రాయండి, పాప హోంవర్కూ, మంచినీళ్ళు పట్టడం, అత్తగారి బీపీ మాత్రలు, అన్నీ, ఆయన వాడే చిట్టా పుస్తకంలోనే రాయండి. నిష్ఠూరంగా కాదు, చూపించి 'ఇందులో వారానికి ఎనిమిది గంటలు నాక్కావాలి, ఎక్కణ్ణుంచి తీద్దాం' అని అడగండి. కానీ ఈ బేరం ఫిబ్రవరిలోనో మార్చిలోనో పెట్టారో అయిపోయారే. మిర్చి యార్డుకి టిక్కీలు (బస్తాలు) పోటెత్తే రోజులు, ఆయన రాత్రి పదింటికి ఘాటుకి తుమ్ముకుంటూ వస్తారు, అప్పుడు సర్వేలు వినే ఓపిక ఎవరికుంటుంది. ఎండాకాలం యార్డు సెలవులిచ్చాక మాట్లాడి, జూన్‌లో పాప బడి తెరిచాక మొదలెట్టండి, వారానికి నాలుగు సాయంత్రాలు ఏడు నుంచి తొమ్మిది, పాపా భోజనాలూ ఆయనవి. కూర మాడుతుంది, మాడనివ్వండి. ఇంకో మాట, వంటింటి గట్టు మీద మాత్రం వెయ్యొద్దు. వంటింట్లో నిలబడ్డ ఆడమనిషి ఏం చేస్తున్నా మన ఇళ్ళల్లో ఎవరో ఒకరు మంచినీళ్ళు అడుగుతారు. ముందు గదిలో మూల ఒక బల్ల వేసుకోండి.

రెండో బిడ్డ సంగతి మీ ఇద్దరిదీ, నాది కాదు, మీ అత్తగారిదీ ఆడపడుచుదీ కూడా కాదు. నేను చెప్పగలిగింది ఉద్యోగం వైపు నుంచి. పదిమందికి తగ్గకుండా పనిచేసే చోట, కాన్పుకి ముందు 12 నెలల్లో 80 రోజులు చేసుంటే, మొదటి ఇద్దరు పిల్లలకీ 26 వారాలు జీతంతో సెలవు ఇవ్వాలని చట్టం. మన వైపు చిన్న బళ్ళు ఈ మాటెత్తితే మొహం పక్కకి తిప్పుకుంటాయి, అది వేరే గొడవ, కానీ ఉద్యోగంలో ఉంటేనే అడగడానికి నోరుంటుంది. ఇందాక ఇంకో కారణం అన్నది ఇదే. అలాగని బిడ్డ పుట్టి పెద్దయ్యాక బొమ్మలు అని మాత్రం అనుకోకండి, అలా 'అయ్యాక' అనుకుని 45వ ఏట నా ఎదురు కుర్చీలో కూర్చున్నవాళ్ళని చాలామందిని చూశా. నెలల పిల్లతో వారానికి ఒక్క బొమ్మే అవుతుంది, కొన్ని వారాలు అదీ అవ్వదు. ఫరవాలేదు, మానెయ్యకుండా ఉంటే చాలు.

పని ఎక్కడ దొరుకుతుందంటారా. శుభలేఖల పని ముందు పట్టండి, ఒకరోజు బస్సెక్కి వచ్చి విజయవాడ వన్‌టౌన్‌లో కార్డుల షాపులు నాలుగు తిరిగి శాంపిళ్ళు ఇచ్చి వెళ్ళండి. మాఘం పెళ్ళిళ్ళూ మిర్చి సీజనూ ఒకేసారి పడతాయి కాబట్టి ఈసారికి శ్రావణమే మీ మొదటి సీజన్ అనుకోండి. సగం అడ్వాన్సు, రెండే కరెక్షన్లు, మూడోసారి 'అమ్మాయి ముక్కు కొంచెం తగ్గించండి' అంటే అదనం. రెండోది పిల్లల పుస్తకాలు, ఇది నిదానంగా వస్తుంది కానీ మీకు సరిపోతుంది, రోజూ ముప్పై మంది మూడో క్లాసు పిల్లల్ని చూస్తారు కాబట్టి. హైదరాబాదులో మంచి పుస్తకం, చెన్నైలో తూలిక, బెంగళూరులో ప్రథమ్ బుక్స్, ఢిల్లీలో నేషనల్ బుక్ ట్రస్ట్ ఉన్నాయి. వాళ్ళకి కార్టూన్లు పంపకండి. ఒకే పిల్లని పన్నెండు పేజీల్లో వేసి పంపండి, పరిగెడుతూ, ఏడుస్తూ, వెనక నుంచి, వానలో, అన్నిట్లోనూ అదే పిల్ల అని తెలియాలి, ఒక పేజీలో పిలక ఎడమవైపూ ఇంకో పేజీలో కుడివైపూ ఉంటే ఎడిటర్ అక్కడే మూసేస్తారు. మీరు పంపినవాటిలో మీ పాప జడ మూడు రకాలుగా ఉంది, అందుకే చెప్తున్నా.

ఎవరికిచ్చినా హక్కుల కాయితం చదివి సంతకం పెట్టండి. హక్కు బదిలీ నోటిమాటతో చెల్లదు, రాతలో ఉండాలి, ఎన్నేళ్ళకో రాయకపోతే అయిదేళ్ళకే అని చట్టం చెప్తుంది, అందుకే కొంతమంది 'శాశ్వతంగా' అని చిన్న అక్షరాల్లో పెడతారు, అక్కడ ఆగి అడగండి. కంపెనీలు బిల్లులో 10 శాతం టీడీఎస్, అంటే ముందే కోసుకునే ఇన్‌కమ్ టాక్సు, పట్టుకోవచ్చు, మీ ఆదాయానికి అది రిటర్న్ వేస్తే తిరిగొచ్చేదే, మీవారికి ఆ పని అప్పజెప్పండి, ఆయనకీ మీ పనిలో ఒక పద్దు ఉన్నట్టుంటుంది. మొదటి బిల్లు మీద నంబరు 1 అని వేస్తే అవతలివాళ్ళు బేరం మొదలెడతారు, జులైలో ఇస్తున్నారు కాబట్టి 07/1 అని వెయ్యండి, అబద్ధమూ కాదు.