ఎండాకాలంలో హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) ఆవుకు చూడి ఎందుకు నిలవదు?

ఒంగోలు దగ్గర పాడి చేసే ఒకాయన అడిగారు: ఏప్రిల్ నుంచి సూదులు (కృత్రిమ గర్భధారణ) వేయిస్తున్నా హెచ్‌ఎఫ్ ఆవు పొర్లుతూనే ఉంది, అంటే చూడి నిలవక మళ్లీ మళ్లీ ఎదకొస్తోంది, అమ్మేయమంటారా అని.

తొందరపడి అమ్మకండి. మాది పలమనేరు వైపు, కొట్టంలో అన్నీ హెచ్‌ఎఫ్ సంకరాలే. మాకు రాత్రిళ్లు చల్లబడుతుంది, అయినా మే నెలలో మాకూ ఇదే టెన్షన్.

ఈ జాతి హాలండ్, ఉత్తర జర్మనీ చలిలో తయారైంది. 25 డిగ్రీలు దాటితే ఒంట్లో వేడి బయటికి పంపలేక అవస్థ పడుతుంది. పాలు ఎక్కువిచ్చే ఆవుకు లోపల పుట్టే వేడీ ఎక్కువే. సూది కుదిరినా చాలాసార్లు మొదటి వారంలోనే పిండం ఆ వేడికి చనిపోతుంది. 21 రోజులకు మళ్లీ ఎదకొస్తే మనం సెమెన్‌ను తిడతాం.

అసలు ఎద కనబడటమే కష్టం. పగలంతా నోరు తెరిచి రొప్పిన ఆవు తెల్లవారుజామున నాలుగింటికి పక్క ఆవు నడుం మీద గడ్డం ఆనిస్తుంది, మానం నుంచి గాజులాంటి తీగ జారుతుంది. పాలు పిండే వేళకి ఆ గుర్తులేవీ ఉండవు. అందుకే రాత్రి పదికి, తెల్లవారుజామున టార్చి పట్టుకుని చూడండి. తెల్లవారి కనిపిస్తే ఆ సాయంత్రమే సూది వేయించండి. తర్వాత వారం రోజులైనా నీళ్లు, ఫ్యాను రెండూ పెట్టండి. మీ కోస్తా ఉక్కలో గాలి లేకుండా ఒట్టి నీళ్లు చల్లితే ఆవుకు ఇంకా ఇబ్బంది.

వట్టిపోయిన చూడి ఆవును చాలామంది ఎండలోనే వదిలేస్తారు. అది నాకు చాలా బాధగా ఉంటుంది. చివరి రెండు నెలలు వేడి తగిలితే దూడ తక్కువ బరువుతో పుడుతుంది, తల్లి పాలూ తగ్గుతాయి. ఇక పిడుదులు. అవి అంటించే థైలీరియా జబ్బుతో మా మంచి పెయ్య ఒకటి పోయింది: విడవని జ్వరం, భుజం ముందు వాచిన బిళ్లలు, పాలిపోయిన కళ్లు. దీనికి టీకా ఉంది, సంకర దూడలకు డాక్టరును అడిగి వేయించండి.

మీ ఒంగోలు జాతి నుంచే బ్రెజిల్ వాళ్లు నెలోర్ మందలు పెంచుకున్నారు. అక్కడి ఎండకు, పిడుదులకు ఐరోపా జాతులకన్నా అవే బాగా తట్టుకున్నాయి. మీ ఆవులో విదేశీ రక్తం మరీ ఎక్కువుంటే ఈసారి మన దేశవాళీ జాతులైన గిర్ గానీ సాహివాల్ గానీ సెమెన్ వేయించండి. మైదాన ప్రాంతంలో విదేశీ రక్తం సగం నుంచి 62 శాతం దాకా ఉంటే మేలు.

మూడు సూదులకూ నిలవకపోతే గర్భసంచి పరీక్ష చేయించండి. లోపం లేదంటే వానలు పడి చల్లబడ్డాక మళ్లీ వేయించండి.