చీపురుపుల్లల కట్ట: ఒక టీచరమ్మకు ఉత్తరం

శ్రీకాకుళం

చిరంజీవి టీచరమ్మకు,

ఆశీస్సులు. రెండో తరగతిలో ఒక వారం గురించి నువ్వు కథగా రాసి పంపిన పద్నాలుగు పేజీలూ అందాయి. మొదటిసారి పడక్కుర్చీలో, రెండోసారి పెన్సిలు పట్టుకొని బల్ల దగ్గర కూర్చుని చదివాను.

సోమవారం ప్రార్థనతో మొదలుపెట్టి శనివారం నో బ్యాగ్ డే దాకా రోజుకొక భాగం చొప్పున, ప్రతి భాగంలోనూ తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు, ఆట, పాట వరసగా వచ్చేటట్టు రాశావు. అక్షరదోషాలు లేవు, వాక్యం ఎక్కడా తడబడలేదు. అయినా మూడో పేజీకి వచ్చేసరికి, నేను చదువుతున్నది కథా, తనిఖీకి వచ్చిన అధికారి ముందు పెట్టే టీచింగ్ డైరీయా అన్న అనుమానం కలిగింది. ముప్పై మూడేళ్లు నేనూ ఆ డైరీలు రాసినవాణ్ణే. ఆ రాతకు అలవాటుపడిన చెయ్యి కథ రాయడానికి కూర్చున్నా 'ఈ కృత్యం ద్వారా విద్యార్థులు' అనే మొదలుపెడుతుంది. నీ ప్రతిలో ఆ మాట పదకొండు చోట్ల ఉంది, పదకొండూ కొట్టేశాను.

అసలు వారం అనేది టైంటేబుల్‌కు కావాలి గానీ కథకు అక్కర్లేదు. ఏడేళ్ల పిల్లలకు గుడ్డు పెట్టే రోజు, రాగిజావ పోసే రోజు, సెలవు రోజు తప్ప వేరే రోజులు తెలియవు.

బుధవారం లెక్కల పీరియడును నువ్వు నాలుగైదు వాక్యాల్లో ముగించావు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ముప్పై రెండులోంచి ఏడు తీసివేయడం నేర్పడానికి ఒక కుర్రాడి ముందు మూడు చీపురుపుల్లల కట్టలూ, రెండు విడిపుల్లలూ పెట్టావు. కట్టకు పది పుల్లలు, చుట్టూ రబ్బరుబ్యాండు. ఏడు పుల్లలు ఇవ్వమంటే వాడు ఉన్న రెండూ నీ చేతిలో పెట్టి, కట్టల వంక చూస్తూ కూర్చున్నాడు. ఒక కట్ట విప్పమంటే విప్పలేదు, విప్పితే అది పది అవదు కదండీ అన్నాడు. ఆ తర్వాత 'కృత్యం విజయవంతంగా పూర్తయింది' అని రాసి నువ్వు గురువారానికి వెళ్లిపోయావు. ఎంత తొందరమ్మా నీకు!

ఆ కుర్రాడి వెనకాడటంలో నీ కథంతా ఉంది. పదిని ఒకటిగా చూడమని ఒకటో తరగతిలో వాడికి నేర్పింది మనమే. పుల్లలు లెక్కపెట్టించి, కట్ట కట్టించి, ఇకమీదట దీన్ని ఒక పది అనాలని చెప్పాం. అది నమ్మడానికి పిల్లలకు ఎన్నాళ్లు పడుతుందో నీకు తెలుసు. కట్ట చేతిలో ఉన్నా నిజంగా పదే ఉన్నాయా అని ప్రతిసారీ ఒకటి నుంచి లెక్కపెట్టే పిల్లలు నీ తరగతిలో ఇప్పటికీ ఉండే ఉంటారు. తీరా వాడు నమ్మాక, రెండో తరగతిలో ఆ పదినే మళ్లీ విప్పి పది ఒకట్లు చేయమంటున్నాం. పైగా పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోమంటాం. తెచ్చిన అప్పు మళ్లీ ఎప్పుడు తీర్చాలి మాస్టారూ అని ఒక పిల్ల నన్ను అడిగింది. ఆ పీరియడు గంట కొట్టేదాకా నా దగ్గర జవాబు లేదు.

ఇదంతా కథలో వివరించమని చెప్పడం లేదు. వాడి చేతులను రాయి. రబ్బరుబ్యాండు బిగువుగా ఉందా, సాగిపోయి ఉందా? వాడు వేలు దూర్చాడా, పంటితో లాగాడా? పుల్లలు నేల మీద చెదిరినప్పుడు పక్కనున్న పిల్ల ఒకటి తన గౌను కిందికి తోసుకుందా? పన్నెండు ఉండాల్సిన చోట పదకొండే తేలితే మీరేం చేశారు? స్థానవిలువ అన్న మాట ఒక్కసారి కూడా రాకుండానే, ఆ కట్ట విప్పడం ఎంత పనో చదివేవాడికి తెలియాలి.

వాడి తండ్రి తాపీపనికి చెన్నై వెళ్లాడని వేరే చోట ఒక ముక్క రాశావు. కట్ట విడిపోవడాన్ని ఆ ఇంటికి ముడిపెట్టాలని తిరగరాసేటప్పుడు నీకు తప్పకుండా అనిపిస్తుంది. పెట్టకు. పుల్లలను పుల్లలుగానే ఉండనీ.

ఇక వాడి మాట. మన ఊళ్లలో ఆ వయసు పిల్లవాడు 'అవదు కదండీ' అనడు. 'కట్టిప్పీస్తే మరి పది కాదు గదా టీచరమ్మా' అని ఉంటాడని నా ఊహ. విన్నదానివి నువ్వు, నీకే తెలియాలి. ఎర్రసిరా పెన్ను పట్టిన అలవాటు మనది, పాత్ర నోరు విప్పితే చాలు దిద్దేస్తాం. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు, పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ, సవర గిరిజనుల పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు వాళ్ల భాష తనకు రావాలని అది నేర్చుకొని, ఆ భాషలోనే వాచకాలు తయారుచేశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని మనం వ్యాసరచన పోటీలు పెట్టి, 'నేను' అనడానికి 'నాను' అని రాసిన పిల్లకు మార్కులు తగ్గిస్తుంటాం.

గురువారం 'మామయ్య'ను 'యామయ్య' అని రాసిన పిల్లను ఉంచు. మ, య చూపుకు ఎంత దగ్గరి అక్షరాలో పెద్దవాళ్లం మరిచిపోయాం. చెరిపి చెరిపి కాగితానికి చిల్లు పెట్టిందన్న వాక్యం నీ ప్రతి మొత్తంలో నాకు బాగా నచ్చింది. మంగళవారం అభినయగేయం, శుక్రవారం బొమ్మలు తీసేసినా నష్టం లేదు.

నా తప్పు కూడా ఒకటి చెబుతాను. వరికోతల రోజుల్లో తల్లి పొలానికి వెళితే, చెల్లెలిని చంకనేసుకొని ఒక్కరోజూ మానకుండా బడికొచ్చిన పిల్లవాడి మీద ఒకప్పుడు కథ రాశాను. వాడికి చదువు మీద ఎంత మక్కువో రెండు పేజీలు రాశాను, అచ్చయింది కూడా. మా బడిలో వంటచేసే ఆవిడకు చదివి వినిపిస్తే ఆవిడ నవ్వి, 'ఆడు గుడ్డు కోసం వొచ్చీవోడు మాస్టారూ' అంది. నిజమే. పచ్చసొన చెల్లెలికి పెట్టి, తెల్లది వాడు తినేవాడు. రోజూ చూసినవాణ్ణి నేనే, అయినా వాణ్ణి గొప్పవాణ్ణి చేద్దామన్న ఆత్రంలో ఆ గుడ్డును కథలోకి రానివ్వలేదు. నీ ఐదో పేజీలో ఒక పిల్లను 'చదువుల తల్లి' అన్నావు. అదీ కొట్టేశాను, ఏమీ అనుకోకు.

పిల్లల అసలు పేర్లు మాత్రం మార్చు. రేపు వాళ్లు పెద్దవాళ్లై చదువుతారు.

వీలు చూసుకొని ఒకసారి ఇటు రా. చీపురుపల్లిలో రైలెక్కితే శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగవచ్చు. 1997లో మొదలైన తెలుగు కథల గ్రంథాలయం, కథానిలయం, ఊళ్లోనే ఉంది. పాత పత్రికల్లో బడి మీద వచ్చిన కథలు వెతికి, ఒక పూటంతా కూర్చుని చదువుకుందువుగాని.

తిరగరాసి పంపు. పద్నాలుగు పేజీలు అక్కర్లేదు, ఐదు చాలు. లెక్క అయ్యాక వాడి ముందు మిగిలినవి రెండు కట్టలూ ఐదు పుల్లలూ కదా, నీ చేతిలో ఉన్న ఏడూ మళ్లీ వాడికి ఇచ్చావా? ఇస్తే, పది లెక్కపెట్టి ఆ కట్ట వాడే కట్టుకున్నాడా, లేక గంట కొట్టేస్తున్నారని నువ్వే కట్టేశావా? నీ ప్రతిలో ఎంత వెతికినా కనబడలేదు.

ఇట్లు,
మీ మాస్టారు