కిస్తీ కట్టడానికి ఇంకో లోనా?

ప్రశ్న: మాది కౌలు సేద్యం. ఈ ఏడు పత్తి పోయింది. డ్వాక్రా లోను కాక, మా ఆయనకు తెలియకుండా రెండు మైక్రోఫైనాన్స్ లోన్లు తీశాను. పురుగుమందులకు, అత్తగారి ఆపరేషన్‌కు అయిపోయాయి. ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి 50 వేలు బాకీ. పాలు, కూలి కలిపి నెలకు 15 వేలు వస్తే, ఊరి వడ్డీ కాకుండానే కిస్తీలు 8,500. మైక్రోఫైనాన్స్ వాళ్లు టాపప్ (పాత లోను మీదే ఇంకో లోను) ఇస్తామంటున్నారు, తీసుకోనా? ఆయనకు చెబితే గొడవే.

జవాబు: వద్దమ్మా. టాపప్‌లో పాత బాకీ, ప్రాసెసింగ్ ఫీజు, బీమా పట్టుకుని మిగిలిందే చేతిలో పెడతారు. అది రెండు మూడు కిస్తీలకు కరిగిపోతుంది, గడువు మాత్రం మళ్లీ మొదటికొస్తుంది. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం ఇంటి మొత్తం నెల కిస్తీలు ఆదాయంలో సగం దాటేలా మైక్రోఫైనాన్స్ లోను ఇవ్వకూడదు. మీ సగం 7,500, ఇప్పటికే దాటేశారు. అయినా ఇస్తామంటున్నారంటే ఫారంలో మీ ఆదాయం ఎంత రాశారో చదివించుకోండి. ఎక్కువ రాసి ఉంటే సంతకం పెట్టకండి.

ఆయనకు చెప్పాల్సిందే. కిస్తీ రోజున కాదు, పాల డబ్బులు వచ్చిన రోజు రాత్రి పిల్లలు పడుకున్నాక చెప్పండి. లోన్ కార్డులతో పాటు ఏ డబ్బు దేనికి పోయిందో రాసిన కాగితం ముందు పెట్టండి. మందులకూ ఆయన తల్లికీ పోయిన డబ్బు మీ ఒక్కరి తప్పెలా అవుతుంది? చెయ్యి చేసుకుంటారన్న భయముంటే ఒంటరిగా కూర్చోకండి, మీ అన్ననో గ్రామ సంఘం లీడరునో పిలవండి. అవసరమైతే మహిళా హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేయండి.

ముందు తెగాల్సింది ఊరి అప్పు. ఏడాదికి 18 వేలు వడ్డీకే పోతుంది, అసలు కదలదు. బంగారం ఉంటే బ్యాంకులో వ్యవసాయ లోను కింద పెట్టండి, సాధారణంగా రూపాయి లోపే వడ్డీ. లేకపోతే సంఘం ద్వారా ఇచ్చే స్త్రీనిధి లోను అడగండి. తీరేదాకా ఇచ్చిన ప్రతిసారీ ప్రామిసరీ నోటు వెనక చెల్లు రాయించండి, తీరాక నోటు వెనక్కి తెచ్చుకోండి. డ్వాక్రా కిస్తీ తప్పనివ్వకండి, వడ్డీ రాయితీ పోతుంది.

మైక్రోఫైనాన్స్ కిస్తీ తప్పేలా ఉంటే తప్పకముందే బ్రాంచికి వెళ్లి, గడువు పెంచమని రాసిచ్చి నకలు దగ్గర పెట్టుకోండి. ఒప్పుకోకపోవచ్చు, అయినా ఆ కాగితం పనికొస్తుంది. డబ్బు లేకపోయినా కిస్తీలు కట్టే సెంటర్ మీటింగ్ మానకండి. వరసగా రెండుసార్లు రాకపోతేనే వాళ్లు ఇంటికి రావచ్చని నిబంధన. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు, తిట్టకూడదు, బంధువుల జోలికి పోకూడదు. జరిమానా కూడా తప్పిన కిస్తీ మీదే, లోను మొత్తం మీద కాదు. వేధిస్తే కంపెనీకి రాసివ్వండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అధికారి అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు, వివరాలకు 14448.

గేదెను మాత్రం ఇప్పుడే అమ్మకండి. తెంపు లేకుండా చేతికి వచ్చేది ఆ పాల డబ్బొక్కటే. కిస్తీ తేదీని పాల బిల్లు వచ్చాక ఉండేలా మార్చమని మేనేజరును అడగండి.