బ్యాటరీ పాడవలేదు, చలికి మొరాయిస్తోంది

మంచులో ఫొటోలు తీస్తుంటే కెమెరా ఫుల్ ఛార్జ్ బ్యాటరీ అరగంటకే ఆగిపోయిందని, గదిలోకి రాగానే లెన్స్ మీద తేమ పట్టిందని రాశారు కదా. టెన్షన్ పడకండి, రెండూ చలి వల్లే.

లిథియం అయాన్ బ్యాటరీలో రసాయన చర్య చలికి నెమ్మదిస్తుంది. ఛార్జ్ లోపలే ఉంటుంది, బయటికి రాదు. అందుకే అయిపోయిందనుకున్నదాన్ని పారేయకుండా లోపలి చొక్కా జేబులో, ఒంటికి ఆనుకునేలా పెట్టుకోండి. వెచ్చబడ్డాక మళ్లీ కొన్ని ఫొటోలు వస్తాయి. కనీసం రెండు స్పేర్ బ్యాటరీలు ఉంచుకుని మార్చుకుంటూ వాడండి.

తేమ సంగతి ఇంకా ముఖ్యం. చల్లబడ్డ కెమెరాకి వెచ్చటి గాలి తగిలితే నీటి బిందువులు లెన్స్ మీదే కాదు, లోపల కూడా చేరొచ్చు. కాబట్టి బయట ఉండగానే జిప్ కవర్‌లో పెట్టి, గాలి తీసేసి, గట్టిగా మూసేయండి. తేమ కవర్ పైన పడుతుంది. కెమెరా గది వేడికి వచ్చేదాకా, రెండు గంటలైనా సరే, తెరవొద్దు. ఫొటోలు చూడాలన్న ఆత్రం ఉంటే మెమరీ కార్డు ముందే తీసుకోండి!

లెన్స్ మీద మంచు పడితే నోటితో ఊదకండి, ఆవిరి గడ్డకడుతుంది. బ్లోయర్ (చేత్తో నొక్కితే గాలి ఊదే రబ్బరు బుడ్డి) వాడండి.

చేతులకి పల్చటి గ్లౌజులు, వాటిపైన మందపాటివి. నా లెక్కలో ఖరీదైన లెన్స్ కన్నా ఇవే ముందు కొనాలి. వేళ్లు కొంకర్లు పోతే షట్టర్ కూడా నొక్కలేం.

ఇంకోటి, మంచు బూడిద రంగులో వస్తుంటే కెమెరాలో ఫొటో వెలుగుని పెంచే, తగ్గించే సెట్టింగ్ ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని +1 పెట్టి చూడండి.